మంద్రస్థాయిలో మహోగ్రస్వరం

1953 మే 15వ తేదీ రాత్రి కెనడా దేశపు టొరంటో నగరంలో, మాసీ హాలు అనే విశాలమైన సంగీతశాలలో, ఐదుగురు వాద్యకారులు కచేరీ చేశారు. శాక్సఫోన్ చార్లీ పార్కర్, ట్రంపెట్ డిజ్జీ గిలెస్పీ, పియానో బడ్ పవెల్, డ్రమ్స్ మాక్స్ రోచ్, బాస్ చార్లెస్ మింగస్. జాజ్ సంగీతంతో పరిచయమున్నవారికి ఈ పేర్లు ఇలా వరుసగా చదవటమే ఒక పండుగ. కాని ఆ రాత్రి హాలు సగం ఖాళీగా ఉన్నది. అదే రాత్రి షికాగోలో రాకీ మార్సియానోకూ జెర్సీ జో వాల్కాట్‌కూ ప్రపంచ హెవీవెయిట్ ముష్టియుద్ధం. జనం దృష్టి అటు ఉన్నది. మహావిద్వాంసుడైన పార్కర్ చేతిలో ఉన్నది ప్లాస్టిక్ శాక్సఫోన్. టిక్కెట్ల మీద వచ్చిన డబ్బు వాద్యకారులకు ముట్టజెప్పటానికి కూడా చాలలేదు.

కచేరీని టేపు మీద ముద్రించారు. ఆ టేపును మింగస్ న్యూయార్కుకు తెచ్చుకొని విన్నాడు. అందరూ వినిపిస్తున్నారు. తన బాస్ ఒక్కటే, గోడ అవతల ఎవరో మూట దించుతున్నట్లు, ఉండీ లేనట్లున్నది. మరొకరైతే నిట్టూర్చి ఊరుకునేవారు. మింగస్ స్టూడియోకు వెళ్ళి, పాత టేపు నడుస్తుండగా తన భాగాన్ని చాలా మట్టుకు మళ్ళీ వాయించి దానిపై చేర్చాడు. తానూ రోచూ కలిసి ముందు సంవత్సరం స్థాపించిన 'డెబ్యూ' అనే చిన్న రికార్డుల కంపెనీ పేర దానిని విడుదల చేశాడు. మరొక కంపెనీతో ఉన్న ఒప్పందం వల్ల పార్కర్ పేరు అచ్చు వేయటానికి వీల్లేకపోయింది. అందుకని అట్ట మీద 'చార్లీ చాన్' అని ఒక సినిమా గూఢచారి పేరు వేశారు. ఇలా దిద్దటం సత్యానికి అపచారమని ఆక్షేపించినవారున్నారు. మింగస్ చెయ్యి పడని అసలు ముద్రణ కూడా తరువాతి కాలంలో వెలువడింది. రెండూ విన్నవారికి ఆయన కోపంలో న్యాయం లేకపోలేదని తోస్తుంది.

డబుల్ బాస్ అనేది మనిషి నిలువును మించిన వయొలిన్ వంటి వాద్యం. నాలుగు లావాటి తీగలు. నిలబడి వేళ్ళతో మీటుతారు, అవసరమైతే విల్లుతో వాయిస్తారు. జాజ్ బృందంలో దాని పని, మన కచేరీలో తంబురా శ్రుతినీ మృదంగం నడకనూ ఒక్క చేతి మీదుగా నిలబెట్టటం వంటిది. అది ఆగిపోతే భవనం కూలుతుంది. ఉన్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు. అటువంటి వాద్యాన్ని చేత బట్టి బృందానికి నాయకుడై, స్వరకర్తయై, తన పేర దరిదాపు ముప్పయ్యేళ్ళు రికార్డులు వెలువరించినవాడు మింగస్. ఆ రికార్డుల చరిత్రలో సగం సంగీత చరిత్ర. మిగిలిన సగం ఆ సంగీతాన్ని కోసినవారితో, దాచినవారితో, దొంగిలించినవారితో ఆయన సాగించిన తగవు.

1922 ఏప్రిల్ 22న అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, మెక్సికో సరిహద్దునున్న నొగాలెస్ పట్టణంలో ఆయన జన్మించాడు. తండ్రి సైన్యంలో సార్జెంటు. బిడ్డ పసివాడై ఉండగానే తల్లి మరణించింది. లాస్ ఏంజెలెస్ నగరంలోని వాట్స్ అనే పేటలో పెరిగాడు. నల్లజాతి రక్తంతోపాటు తల్లి వైపునుంచి చైనా రక్తం కూడా ఆయన ఒంట్లో ఉండేది. ఒంటి ఛాయ మరీ నలుపు కాకపోవటంవల్ల, తెల్లవారికి అతడు నల్లవాడు. నల్లవారికి పూర్తిగా తమవాడు కాడు. ఎక్కడా ఇమడని ఈ బాధ జీవితాంతం ఆయనను వదలలేదు. సవతితల్లి దైవభక్తి కలది. ఇంట్లో చర్చి సంగీతం తప్ప మరొకటి వినటానికి వీల్లేదు. ఆమె వెంట వెళ్ళిన చర్చిలో భక్తులు చప్పట్లు కొట్టి, కేకలు వేసి, పూనకం వచ్చినట్లు ఊగి పాడేవారు. ఒకనాడు తండ్రి రేడియోలో, ఎవరూ చూడకుండా, డ్యూక్ ఎలింగ్టన్ వాద్యబృందాన్ని విన్నాడు. మింగస్ సంగీతానికి ఈ రెండే పునాదిరాళ్ళు: చర్చిలో కేక, ఎలింగ్టన్ బృందగానం.

మొదట ట్రాంబోన్, తరువాత చెల్లో నేర్చుకున్నాడు. చెల్లో మీద ప్రేమ చాలా ఉండేది. కాని సింఫనీ వాద్యబృందాలలో నల్లవాడికి కుర్చీ వేసే రోజులు కావవి. మిత్రుడు బడ్డీ కొలెట్ ఈ మాట దాచకుండా చెప్పి, బాస్ పట్టుకొమ్మన్నాడు. పట్టుకున్నాక ఆషామాషీగా పట్టుకోలేదు. న్యూయార్క్ ఫిల్‌హార్మొనిక్‌లో పనిచేసిన హెర్మన్ రైన్‌షాగెన్ దగ్గర అయిదేళ్ళు శిక్షణ పొందాడు. పదిహేడు, పద్దెనిమిదేళ్ళ వయసులోనే పెద్ద వాద్యబృందాలకు తగిన రచనలు వ్రాయసాగాడు. వాటిలో మృత్యువును గురించిన ఒక రచన 1939 నాటిది. అది రికార్డుకెక్కినది 1971లో. మరొకటి దాదాపు 1940 నాటిది, 1960లో రికార్డయింది. వ్రాయటానికీ వినిపించటానికీ మధ్య రెండు మూడు దశాబ్దాల ఎడబాటు మింగస్ రచనలకు పుట్టుకతోనే అంటుకున్న జాతకదోషం.

1940ల దశకంలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ వద్ద, లయనెల్ హాంప్టన్ వద్ద పనిచేశాడు. 1950లో రెడ్ నార్వో త్రయంలో చేరాక పేరు వచ్చింది, అన్నం రాలేదు. మధ్యలో కొంతకాలం తపాలా శాఖలో ఉద్యోగం చేయవలసి వచ్చింది. 1953లో, చిన్ననాటినుంచీ ఆరాధించిన ఎలింగ్టన్ బృందంలోనే స్థానం దొరికింది. అక్కడ నిలిచినది కొద్దిరోజులే. ట్రాంబోన్ వాదకుడు హువాన్ టిజోల్‌తో తగాదా చెయ్యి చేసుకునేదాకా పోయింది. ఎవరినీ ఉద్యోగంనుంచి తొలగించే అలవాటు లేని ఎలింగ్టన్ మింగస్‌ను పిలిచి, ఎంతో మర్యాదగా, రాజీనామా ఇమ్మన్నాడు. ఆ మర్యాదను తలచుకొని మింగస్ తరువాత ఆత్మకథలో తానే నవ్వుకున్నాడు.

రెండేళ్ళు గడిచేసరికి ఆయనకు ఒక సంగతి స్పష్టమయింది. కాగితం మీద వ్రాసి ఇస్తే వాద్యకారులు కాగితాన్నే వాయిస్తారు, సంగీతాన్ని కాదు. అందుచేత 'జాజ్ వర్క్‌షాప్' అన్న పేరుతో తానేర్పరచుకున్న బృందానికి, స్వరలిపి ఇవ్వటం మానుకొని, పియానో ముందు కూర్చుని, ఒక్కొక్కరి భాగం పాడీ వాయించీ వినిపించి, చెవితో పట్టుకొమ్మనేవాడు. పాశ్చాత్యులకు ఇది వింత. గురువు నోట విని నేర్చుకోవటమే విద్యగా భావించే మన సంగీతజ్ఞులకు ఇందులో ఆశ్చర్యమేమీ కనిపించదు. అప్పటికప్పుడు మనోధర్మంతో అల్లుకునే స్వేచ్ఛ ప్రతివాడికీ ఉన్నది, కాని మొత్తం కట్టడం నాయకుడిది. నచ్చకపోతే కచేరీ మధ్యలో సంగీతం ఆపించి, శ్రోతల ఎదుటే మందలించి, మళ్ళీ మొదటినుంచి వాయించమనేవాడు. గ్లాసులు గలగలలాడించే శ్రోతలకూ చీవాట్లు తప్పేవి కావు.

ఈ పద్ధతి ఫలితం 1956 జనవరి 30న ముద్రించిన 'పిథెకాంత్రోపస్ ఎరెక్టస్'. తొలిసారి రెండు కాళ్ళ మీద నిలబడిన ఆదిమానవుడు దాని కథానాయకుడు. నిలబడతాడు, గర్విస్తాడు, ఇతరులను బానిసలను చేస్తాడు, చివరికి ఆ బానిసల తిరుగుబాటులోనే పతనమవుతాడు. పది నిమిషాల ఆ రచనలో శాక్సఫోన్లు ఒక దశలో స్వరస్థానాలను వదిలి కీచుమంటాయి. కింద బాస్ మాత్రం అడుగు తప్పదు. తరువాతి దశకంలో 'స్వేచ్ఛా జాజ్' పేరిట వచ్చిన వాద్యకారులు పొలిమేర దాటి వెళ్ళిన చోటికి మింగస్ ముందే వెళ్ళి, చూసి, తిరిగి వచ్చాడు. తిరిగి రావటమే ఆయన ప్రత్యేకత. కట్టడం లేని స్వేచ్ఛ ఆయనకు గిట్టదు.

ఇంచుమించు ఆ సమయంలోనే డానీ రిచ్‌మండ్ ఆయన వద్దకు వచ్చాడు. అంతకు ముందు శాక్సఫోన్ వాయించేవాడు. డ్రమ్స్ పట్టుకొని ఎంతో కాలం కాలేదు. మింగస్ నడక ఎప్పుడు వేగం పెంచుకుంటుందో, ఎప్పుడు సగానికి దిగుతుందో, ఎప్పుడు మూడేసి మాత్రలకు మళ్ళుతుందో ముందే పసిగట్టే శక్తి అతడికి ఎలా అబ్బిందో ఎవరికీ తెలియదు. మధ్య మధ్య విరామాలున్నా ఇరవయ్యేళ్ళపాటు మింగస్ లయకు ప్రాణం అతడే.

1957లో, మెక్సికో సరిహద్దు పట్టణమైన టిహువానాలో గడిపిన రోజుల జ్ఞాపకంగా, ఒక పూర్తి రికార్డుకు సరిపడే సంగీతం ఆర్‌సీఏ కంపెనీ కోసం ముద్రించాడు. కంపెనీ దానిని అటకెక్కించి అయిదేళ్ళ తరువాత, 1962లో, దించింది. ఆ అయిదేళ్ళలో సంగీతలోకం ఎంత దూరం నడిచిపోయిందో చెప్పనక్కరలేదు. వెలువడిననాడు కొత్తది కావలసినది, పాతబడి వెలువడింది.

ఇక 1959. మింగస్ రికార్డులలో ఒక్క సంవత్సరాన్ని ఎంచుకోమంటే చాలామంది ఎంచుకునేది ఇదే. ఫిబ్రవరి 4న అట్లాంటిక్ కంపెనీ కోసం 'బ్లూస్ అండ్ రూట్స్' ముద్రించాడు. మింగస్ సంగీతంలో మేధ ఎక్కువ, ఊపు తక్కువ అని కొందరు విమర్శకులు సన్నాయినొక్కులు నొక్కుతుంటే, కంపెనీ అధిపతులలో ఒకరైన నెసుహీ ఎర్తెగున్, రికార్డు మొత్తం బ్లూస్‌తోనే నింపి చూపించమన్నాడు. మింగస్ చూపించాడు. బుధవారం రాత్రి ప్రార్థన సమావేశాన్ని తలపించే మొదటి రచనలో వాద్యకారులు ఒకరి మాట ఒకరు అందుకుంటూ, కేకలు వేస్తూ, చప్పట్లు కొడుతూ సాగుతారు. మన పల్లెల్లో ఏకాహ భజన తెల్లవారుజామున పట్టు హెచ్చినపుడు విన్నవారికి ఈ రికార్డు పరాయిదిగా తోచదు. ఒక చోట వాద్యాలన్నీ ఆగి, ఉత్త చప్పట్లమీదనే శాక్సఫోన్ సాగిపోతుంది. ఎనిమిదేళ్ళ వయసులో సవతితల్లి పక్కన నిలబడి చూసినదంతా ఇక్కడికి వచ్చింది.

మే నెలలో కొలంబియా కంపెనీ కోసం ముద్రించినది 'మింగస్ ఆహ్ అమ్'. పేరు ఒక చమత్కారం. మన పాఠశాలల్లో సంస్కృత శబ్దాలను మూడు వచనాలలో వల్లించినట్లు, అక్కడి పిల్లలు లాటిన్ విశేషణాల మూడు లింగాలను 'అస్, ఆ, అమ్' అని వల్లిస్తారు. మింగస్ తన పేరునే ఆ పట్టికలో ఎక్కించాడు. మింగస్‌ను మొదటిసారి వినదలచినవారు ఇక్కడ మొదలుపెట్టటం మంచిది. ఇందులో ఒక రచన లెస్టర్ యంగ్‌కు నివాళి. శాక్సఫోన్‌ను గుసగుసలాడించిన ఆ మహానుభావుడు మార్చి 15న చనిపోయాడు. చదునైన నెత్తి, గుండ్రని అంచుగల ఒక రకం టోపీ ఎప్పుడూ ధరించేవాడు. దానినే వీడ్కోలు పాట పేరులో ఉంచి, మింగస్ 'గుడ్‌బై పోర్క్ పై హాట్' అన్నాడు. నెమ్మదిగా, ఏడుపు గొంతులో నొక్కి పట్టినట్లు సాగే ఆ రాగం నేటికీ ప్రపంచమంతటా వాయిస్తున్నారు. కోపిష్ఠి అన్న బిరుదు మాత్రమే తెలిసినవారు ఇది విని, ఇదీ ఆయనదేనా అని అడుగుతారు.

అదే రికార్డులో 'ఫేబుల్స్ ఆఫ్ ఫోబస్' ఉన్నది. ఆర్వల్ ఫోబస్ ఆర్కన్సాస్ రాష్ట్ర గవర్నరు. 1957 సెప్టెంబరులో లిటిల్ రాక్ పట్టణంలోని సెంట్రల్ హైస్కూలులో తొమ్మండుగురు నల్లజాతి విద్యార్థులు చేరబోతే, వారిని లోపలికి రానీయకుండా సాయుధ బలగాలను ద్వారం వద్ద నిలిపిన ఘనుడు. చివరికి అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సైన్యాన్ని పంపి పిల్లలను బడిలోకి నడిపించవలసి వచ్చింది. మింగస్ ఈ గవర్నరుకు చేసిన సత్కారం వీరగర్జన కాదు, వెక్కిరింత. ట్రాంబోన్, శాక్సఫోన్లు బొజ్జ ఊపుకుంటూ నడిచే విదూషకుడి నడకను అనుకరిస్తాయి. కొలంబియా రికార్డులో మాటలు లేవు, వాద్యమే ఉన్నది. మాటలు వద్దన్నది కంపెనీయేనని అందరూ అంటారు. మాటలు తరువాత పుట్టాయన్నవారూ లేకపోలేదు. ఏది నిజమైనా, మరుసటి సంవత్సరం ఆ మాటలు బయటికి వచ్చాయి.

కాని మాటలకన్నా గమనించవలసిన మరొక కోత ఆ రికార్డులో జరిగింది. నిర్మాత తియో మాసెరో ఒకప్పుడు మింగస్‌తో కలిసి వాయించిన శాక్సఫోన్ వాదకుడే. రికార్డు నిడివికి సరిపెట్టటానికి తొమ్మిదింటిలో ఆరు రచనలను టేపు కత్తిరించి కురచ చేశారు. మనోధర్మపు భాగాలే ఎక్కువగా కత్తెరకు బలి అయినాయి. నలభై ఏళ్ళు ప్రపంచం మెచ్చుకున్న ఆ రికార్డు నిజానికి సంక్షిప్త ప్రతి! పూర్తి ప్రతులన్నీ ఒకచోట చేరి వెలువడినది 1998లో. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2003లో దానిని భద్రపరచదగిన జాతీయ ధ్వనిముద్రణల జాబితాలో చేర్చింది.

1960 అక్టోబరు 20న 'కాండిడ్' అనే కొత్త కంపెనీ కోసం, నాట్ హెంటాఫ్ నిర్వహణలో, నలుగురే నలుగురితో ఒక రికార్డు చేశాడు: మింగస్, రిచ్‌మండ్, ట్రంపెట్ టెడ్ కర్సన్, శాక్సఫోన్ ఎరిక్ డాల్ఫీ. పియానో లేదు. శ్రోతలూ లేరు, అయినా మింగస్ అది కచేరీశాల అని నటిస్తూ, దయచేసి గ్లాసులు చప్పుడు చేయవద్దనీ, డబ్బు పెట్టె మోగించవద్దనీ లేని శ్రోతలను హెచ్చరిస్తాడు. ఫోబస్‌ను ఎగతాళి చేసే మాటలు, మింగస్, రిచ్‌మండ్‌ల కేకలతో, ఇక్కడ ఉన్నాయి. దానికన్నా విలువైనది మరొకటి ఉన్నది. ఒక ప్రేమగీతం మధ్యలో డాల్ఫీ బాస్ క్లారినెట్, మింగస్ బాస్ రెండే మిగిలి, పాట మాని, మాట్లాడుకోసాగుతాయి. దంపతులు వాదించుకుంటున్నట్లే ఉంటుంది: ఒకరు సర్దిచెప్పబోవటం, ఒకరు విసురుగా అడ్డుకోవటం, మూతి ముడుచుకోవటం, గొణుగుడు, మళ్ళీ రాజీ. ఒక్క పదమూ లేదు. భాష రానివారికి కూడా అర్థమవుతుంది.

1962 ఆయనకు రెండు చేదు అనుభవాలు మిగిల్చింది. సెప్టెంబరు 17న ఎలింగ్టన్ స్వయంగా మింగస్, రోచ్‌లతో కలిసి 'మనీ జంగిల్' రికార్డు చేశాడు. తొమ్మిదేళ్ళ క్రితం తనను పంపివేసిన గురువు పక్కన నిలబడి, మింగస్ మధ్యలో అలిగి బాస్ సర్దుకొని వెళ్ళబోయాడు. ఎలింగ్టన్ వెంట వెళ్ళి బుజ్జగించి తెచ్చాడు. ఆ రికార్డులో బాస్ తీగలు తెగుతాయేమోనన్నంత బిగువు వినిపిస్తుంది. తగవులోనుంచి వచ్చినా గొప్ప రికార్డే.

రెండవది అంత తేలికగా ముగియలేదు. అక్టోబరు 12న న్యూయార్క్ టౌన్‌హాలులో భారీ వాద్యబృందంతో, కంపెనీ ముద్రించుకునేందుకు, బ్రహ్మాండమైన కార్యక్రమం. రచన పూర్తి కాలేదు. కంపెనీ గడువు ముందుకు జరిగింది. స్వరలిపి ప్రతులు ఎత్తి వ్రాసేవారు తెర లేచిన తరువాత కూడా వేదిక మీదనే కూర్చొని వ్రాస్తున్నారు. అంతకు కొద్దిరోజుల ముందు, పనిభారంతో ఉద్రిక్తుడై ఉన్న మింగస్, తన ట్రాంబోన్ వాదకుడు జిమ్మీ నెపర్‌ను ముఖం మీద కొట్టాడు. పన్ను విరిగింది. ట్రాంబోన్ వాయించేవాడికి పెదవీ పన్నూ పోతే విద్య పోయినట్లే. నెపర్ పైస్థాయి స్వరాలు చాలాకాలం దెబ్బతిన్నాయి. విషయం కోర్టుకెక్కింది. మింగస్ అభిమానులు కొందరు ఇటువంటి ఘట్టాలను మేధావి పిచ్చితనంగా ముద్దు చేస్తారు. అది సరికాదు. జాతి అహంకారం తనను కొట్టిన దెబ్బలు ఎటువంటివో తెలిసిన మనిషి, తన సంగీతాన్ని అందరికన్నా బాగా అర్థం చేసుకున్న సహచరుణ్ణి కొట్టాడు. నెపర్ మాత్రం 1970లలో తిరిగి ఆయన రికార్డులలో వాయించాడు.

ఆ పరాభవం జరిగి మూడు నెలలైనా తిరిగాయో లేదో, 1963 జనవరి 20న, పదకొండుగురు వాద్యకారులతో 'ద బ్లాక్ సెయింట్ అండ్ ద సిన్నర్ లేడీ' ముద్రించాడు. నలభై నిమిషాలకు కాస్త తక్కువైన ఏకైక రచన. నృత్యనాటకంగా ఊహించినది. టూబా గొణుగుతుంది, స్పెయిన్ బాణీలో గిటారు మెరుస్తుంది, ఇత్తడి వాద్యాలు నోటికి అడ్డు పెట్టుకొని మనుషుల్లా విలపిస్తాయి, వేగం పెరిగి పెరిగి సుడిగుండమై, ఒక్కసారి ఆగి, మళ్ళీ మొదలవుతుంది. స్టూడియోలో ముద్రించినదాని మీద తరువాత మరికొన్ని వరసలు చేర్చాడు; మాసీ హాలు టేపు మీద నేర్చిన విద్య ఇక్కడ కళగా మారింది. రికార్డు అట్ట మీద పరిచయ వ్యాసం వ్రాయటానికి ఆయన ఎంచుకున్నది సంగీత విమర్శకుణ్ణి కాదు, తనకు మానసిక చికిత్స చేసిన డాక్టర్ ఎడ్మండ్ పొలాక్‌ను. ఒక రోగి తన వైద్యుణ్ణి అట్ట మీదికి ఎక్కించటం రికార్డుల చరిత్రలో అరుదైన సంగతి. ఆయన రికార్డులన్నింటిలో ఇదే శిఖరమని చెప్పటానికి సంకోచించనక్కరలేదు.

ఈ రికార్డులో గుండెలు పిండే శాక్సఫోన్ వాయించినవాడు చార్లీ మారియానో. తరువాతి కాలంలో ఆయన దక్షిణ భారతానికి వచ్చి నాదస్వరం నేర్చుకున్నాడు. బెంగళూరులోని కర్ణాటక కాలేజ్ ఆఫ్ పర్కషన్ బృందంతో, గాయని రమామణితో కలిసి 1983లో 'జ్యోతి' అనే రికార్డు చేశాడు. మింగస్ దగ్గర చెవితో నేర్వటం అలవాటైనవాడికి మన గురువుల దగ్గర కొత్తదనం అనిపించి ఉండదు.

1964లో డాల్ఫీ సహా ఆరుగురి బృందంతో ఐరోపా వెళ్ళాడు. ఆ బృందం వాయించినదంతా మంటల మీద నడకే. డాల్ఫీ పర్యటన ముగిశాక అక్కడే ఉండిపోతానన్నాడు. మింగస్ అతణ్ణి సాగనంపే పేరుతో ఒక రచన వాయిస్తుండేవాడు. జూన్ 29న, ముప్పై ఆరేళ్ళ వయసులో, డాల్ఫీ బెర్లిన్‌లో మరణించటంతో ఆ వీడ్కోలు నిజమైపోయింది. ఆ సంవత్సరమే పుట్టిన తన కుమారుడికి మింగస్ అతడి పేరే పెట్టుకున్నాడు.

అప్పటికి కంపెనీలన్నింటి మీదా విసుగు పుట్టింది. మాంటెరే ఉత్సవంలో 1964 సెప్టెంబరులో విజయవంతమైన కచేరీని తానే రికార్డు చేసి, అంగళ్ళకు ఇవ్వకుండా, తపాలా ద్వారా మాత్రమే అమ్మాడు. 1965లో లాస్ ఏంజెలెస్ విశ్వవిద్యాలయంలో చేసిన కచేరీ రికార్డును అచ్చువేయించినది రెండు వందల ప్రతులు. అందులో వాద్యకారులు తడబడితే కొందరిని వేదిక దిగిపొమ్మనటం కూడా దాచకుండా ఉంచాడు. ఎక్కువమంది దానిని విన్నది 2006లో మళ్ళీ వెలువడినప్పుడే. తపాలా వ్యాపారం నిలదొక్కుకోలేదు. 1966 నవంబరులో అద్దె గొడవల వల్ల న్యూయార్కులోని ఇంటినుంచి ఆయనను ఖాళీ చేయించారు. బాస్, స్వరలిపి కాగితాలు, సామాను వీధిన పడ్డ దృశ్యం ఒక డాక్యుమెంటరీ చిత్రంలో నిలిచి ఉన్నది. తరువాత రెండు మూడేళ్ళు ఆయన సంగీతం దాదాపు మూగబోయింది.

1971లో ఆత్మకథ అచ్చయింది, గుగ్గెన్‌హైమ్ పురస్కారం లభించింది. కొలంబియాకు తిరిగి వచ్చి, మళ్ళీ మాసెరో నిర్వహణలోనే, 'లెట్ మై చిల్డ్రన్ హియర్ మ్యూజిక్' అనే రికార్డు పెద్ద వాద్యబృందంతో చేశాడు. పదిహేడో ఏట వ్రాసిన మృత్యురచన ఇందులోనే ముద్రణకు నోచుకున్నది. అట్ట మీద ఆయన వ్రాసుకున్న వ్యాసం గ్రామీ బహుమతి పరిశీలనకు వెళ్ళింది. 1974 డిసెంబరులో, జార్జ్ ఆడమ్స్, డాన్ పుల్లెన్, జాక్ వాల్‌రాత్ వంటి యువకులతో 'చేంజెస్' అనే రెండు రికార్డులు ముద్రించాడు. వీటికి రావలసినంత పేరు రాలేదు. ఆ సంవత్సరమే గతించిన ఎలింగ్టన్ మీద వ్రాసిన ప్రేమగీతం వీటిలో ఉన్నది.

1977 చివర వైద్యులు జబ్బు పేరు చెప్పారు: కండరాలను నడిపే నాడులు క్రమంగా నశించే వ్యాధి. ముందు వేళ్ళు పోయాయి. 1978 జనవరిలో జరిగిన చివరి ముద్రణలకు చక్రాల కుర్చీలో కూర్చొని నాయకత్వం వహించాడు. బాస్ మరొకరు వాయించారు. తరువాత టేపు రికార్డరు దగ్గర పెట్టుకొని, రాగాలు గొంతుతో కూనిరాగంగా పాడి వదిలేవాడు. గాయని జోనీ మిచెల్ వాటిలో కొన్నింటికి మాటలు వ్రాసి 1979లో 'మింగస్' అనే రికార్డు వెలువరించింది. దానిని చూడటానికి ఆయన లేడు. 1979 జనవరి 5న మెక్సికోలోని క్వెర్నవాకాలో, యాభై ఆరేళ్ళ వయసులో, కన్నుమూశాడు. యౌవనంలో ఫార్వెల్ టేలర్ అనే చిత్రకారుడి స్నేహంవల్ల వేదాంతం మీద ఆసక్తి కలిగి, అది మనసులో ఉండిపోయింది. ఆయన కోరిక ప్రకారం భార్య సూ మింగస్ చితాభస్మాన్ని భారతదేశానికి తెచ్చి గంగలో కలిపింది.

మిగిలిన కథ ఆమెదే. భర్త కాగితాలను జాబితా కట్టటానికి వచ్చిన సంగీతశాస్త్రవేత్త ఆండ్రూ హోంజీ చేతికి నాలుగు వేల పైచిలుకు తాళఖండాల స్వరలిపి ఒకటి చిక్కింది. పేరు 'ఎపిటాఫ్', అంటే సమాధి ఫలకం. 1962లో టౌన్‌హాలులో తునాతునకలైన రచన ఇదేనని తేలింది. 1989 జూన్ 3న న్యూయార్కులోని లింకన్ సెంటర్‌లో, గుంథర్ షులర్ నాయకత్వంలో, రెండు గంటలకు పైగా దానిని వినిపించారు. రచయిత పోయి పదేళ్ళు. 1993లో ఆయన వ్రాతప్రతులన్నీ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చేరాయి.

ఐరోపా కచేరీలను ఎవరెవరో దొంగచాటుగా ముద్రించి అమ్ముకోవటం సూ మింగస్ సహించలేదు. ప్యారిస్‌లో ఒక రికార్డుల దుకాణంలోకి వెళ్ళి, కనిపించిన దొంగ ప్రతులన్నింటినీ చంకన పెట్టుకొని, డబ్బు చెల్లించకుండా నడిచి వచ్చింది. ఆ పైన తానే ఒక కంపెనీ పెట్టి, దానికి 'రివెంజ్', అంటే ప్రతీకారం అని పేరుపెట్టి, 1996లో ఆ ప్యారిస్ కచేరీలను దొంగలకన్నా చవకగా విడుదల చేసింది. మింగస్ బ్రతికి ఉంటే చేయదలచుకునే పనే.

చిట్టచివరి బాకీ ఆయన శతజయంతినాటికి తీరింది. 1972 ఆగస్టులో లండన్‌లోని రానీ స్కాట్స్ క్లబ్బులో కొలంబియా వారు మింగస్ కచేరీని ముద్రించారు. 1973లో ఆ కంపెనీ తన జాజ్ కళాకారులలో చాలామందిని ఒక్కసారిగా వదిలించుకున్నది. వారిలో మింగస్ ఒకడు. టేపులు విడుదలకు నోచుకోలేదు. 2022 ఏప్రిల్‌లో, యాభై ఏళ్ళకు, అవి మూడు రికార్డులుగా బయటికి వచ్చాయి. సూ మింగస్ వాటిని చూసింది. ఆ సెప్టెంబరు 24న తొంభై రెండేళ్ళ వయసులో మరణించింది. లండన్ కచేరీలో డ్రమ్స్ వాయించిన రాయ్ బ్రూక్స్ ఒక చోట డ్రమ్స్ వదిలి, వడ్రంగి రంపాన్ని వంచి దానిమీద బ్లూస్ పలికిస్తాడు. పందొమ్మిదేళ్ళ జాన్ ఫాడిస్ ట్రంపెట్ మీద ఆకాశానికి నిచ్చెన వేస్తాడు. ఫోబస్ మీది వెక్కిరింత అరగంటకు పైగా సాగుతుంది. ఆ గవర్నరు పదవి దిగిపోయి అప్పటికి అయిదేళ్ళు దాటింది. మింగస్ ఇంకా అతణ్ణి వదిలిపెట్టలేదు.